వంశధారకు పసుపు

ఏప్రిల్ 16

ఈ రోజు మా వంశధార విమానం తోకకి రంగు వేశారు.

మా ఆవిడ మహేశ్వరి ఇంట్లో అరవొద్దంది. బీపీ మాత్ర వేసుకునేది మీరు, చెవులు చిల్లులు పడేది మాకు అంది. సరే, ఇంట్లో అరవను, ఇక్కడ అరుస్తాను. ఈ డైరీకి చెవుల్లేవు.

చలికాలం నుంచి వైజాగ్ ఎయిర్‌పోర్టులో ఓ మూల కదలకుండా నిలబడి ఉంది ఆ విమానం. కుడి ఇంజిన్ నుంచి కేబిన్‌కి గాలి పంపే వాల్వు లేదు. ఒక చక్రానికి బ్రేకు లేదు. కాక్‌పిట్‌లో పైలట్ ముందు తెర ఉండాల్సిన చోట అట్టముక్క పెట్టి టేపు అంటించాం. ఇవి పంపండయ్యా, ఇవి పెడితే ఎగురుతుంది అని నేను మొత్తుకుంటుంటే, హెడ్డాఫీసు నిచ్చెనలూ రంగు డబ్బాలూ ఇచ్చి నలుగురు పెయింటర్లని పంపింది. కొత్త లోగో అట. సంస్థ విమానాలన్నీ ఒకేలా కనబడాలట. కనబడితే చాలు, ఎగరక్కర్లేదు.

పెయింటర్లు పాపం మంచివాళ్ళే. ఒకతను కిందికి దిగి, "సార్, ఇది ఎప్పుడు బయల్దేరుతుంది? తడి ఆరడానికి టైము ఉంటుందా?" అని అడిగాడు.

మా టెక్నీషియన్ శ్రీసత్య పక్కనే ఉంది. "ఆరడానికేటి బాబూ, ఊడడానికి కూడా టైముంది" అంది.

నవ్వాను. తర్వాత నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.


ఏప్రిల్ 19

బ్రేకు అరిగిపోయింది. మిగతావి వంశధార ఒంటి మీద నుంచి ఎవరో దొంగ ఎత్తుకుపోయినవి కావు. ఒక్కొక్కటీ నేనే విప్పి ఇచ్చాను, నా సంతకంతో.

మొదట వాల్వు. కోల్‌కతాలో నాగావళి ఆగిపోయింది. అదీ వంశధార లాంటిదే, రెండు పంకాల చిన్న విమానం. మా సంస్థ ఈ చిన్న విమానాలకి నదుల పేర్లు పెట్టింది, అది మాత్రం బాగా చేసింది. లోపల జనం కూర్చుని ఉన్నారు, పిల్లలు ఏడుస్తున్నారు, మీ దగ్గర వంశధార ఎలాగూ బ్రేకు కోసం ఆగి ఉంది కదా, ఆ వాల్వు ఇవ్వండి, పది రోజులే అన్నారు ప్లానింగ్ వాళ్ళు. పిల్లలు ఏడుస్తున్నారంటే ఎవరు మాత్రం ఇవ్వరు? ఇచ్చాను. ఇచ్చే ముందు దాని పట్టీ మీద గుర్తు వేశాను. రెండు ఎర్ర గీతలు, మధ్యలో పసుపు చుక్క. మా నాన్న, వల తేలడానికి కట్టే బెండ్లకి వేసే గుర్తు అది. సముద్రంలో పది మంది వలలు కలిసిపోయినా మా బెండ్లు మాకు తెలిసిపోయేవి. నేను విప్పి ఇచ్చే ప్రతి సామానుకీ ఆ గుర్తు వేస్తాను. శ్రీసత్యకి తప్ప ఎవరికీ తెలియదు.

తర్వాత తెర. అదీ పది రోజులే.

కొత్త సామాను కొనొచ్చు కదా అంటే, ఈ రకం విమానాలని "దశలవారీగా తగ్గిస్తున్నాం" కాబట్టి సామాన్లకి కాంట్రాక్టు రెన్యూ చెయ్యలేదట. తగ్గిస్తున్నారు సరే, వాటి బదులు ఏం పెంచుతున్నారు? దానికి జవాబు లేదు.


ఏప్రిల్ 23

జవాబు వచ్చింది.

వీడియో మీటింగు పెట్టి చెప్పారు. రెండు పెద్ద విమానాలు వస్తున్నాయి. సముద్రాలు దాటేవి. పడుకునే సీట్లు, సీటుకో తలుపు, లోపల చిన్న గది. అవి ఎక్కడికి వెళ్తాయో ఇంకా నిర్ణయించలేదట. ముందు కొన్నారు, దారి తర్వాత వెతుకుతారు. మా కోటి బావ కూడా బోటు కొనే ముందు ఏ చేప కోసం ఏ లోతుకి వెళ్ళాలో చూసుకుంటాడు. అతను చదివింది అయిదో తరగతి అని రాయబోయి ఆగాను. చదువుకీ దీనికీ సంబంధం లేదు. తన డబ్బు కాబట్టి చూసుకుంటాడు.

వైజాగ్ నుంచి మా చిన్న విమానం ఎప్పుడు ఎగిరినా నిండుగానే ఎగిరింది. స్టీల్ ప్లాంటు వాళ్ళు, పోర్టు వాళ్ళు, ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు, రొయ్యల వ్యాపారులు. ఇప్పుడు వాళ్ళంతా రాత్రి రైలెక్కుతున్నారు. మా కౌంటర్లో అమ్మాయి తిట్లు తింటోంది. నిండే విమానాన్ని మూలన పెట్టి, నిండుతుందో లేదో తెలియని విమానానికి పరుపులు కుట్టిస్తున్నారు.

మీటింగులో చెయ్యెత్తాను. "మీరు మ్యూట్‌లో ఉన్నారు" అన్నారు. తీశాను. "సమయం అయిపోయింది, మెయిల్ చెయ్యండి" అన్నారు.


ఏప్రిల్ 30

ఎడమ ఇంజిన్ వేసి చూశాం. మంచి చప్పుడు. చాలాసేపు విన్నాను.


మే 4

ఆదివారం. పెదజాలరిపేట ఒడ్డుకి వెళ్ళాను. చేపల వేట నిషేధం కదా, బోట్లన్నీ ఇసక మీదే ఉన్నాయి. కోటి బావ తన ఫైబరు బోటుకి అడుగున పగుళ్ళు పూడుస్తున్నాడు. మా అమ్మ గంగాలమ్మ అక్కడే వల ముందేసుకుని కూర్చుంది. గంగాలమ్మ కూర్చుంటే ఎండ కూడా కాస్త పక్కకి జరిగి కూర్చోవాలి. పొద్దున నుంచి తలెత్తలేదట.

"ఒరే రాజూ, నీ ఇమానం ఎగిరిందేటి?" అంది.

"లేదమ్మా. సామాన్లు రాలేదు."

"ఎన్నాళ్ళైపోనాది! మావైతే రెండు నెల్లు ఒడ్డున ఉంటే సర్కారోడు ఒద్దన్నాడని ఉన్నాయి. మల్లీ దిగుతాయి. దాన్నెవుడు ఒద్దన్నాడు?"

ఈ ప్రశ్న నేను మీటింగులో అడగాల్సింది.

కోటి బావ నవ్వాడు. "అత్తా, ఆళ్ళ ఇమానంలో సామాను ఇప్పి ఇంకోదానికి ఎట్టేత్తారంట. రేపు దానిది ఇప్పి ఇంకోదానికి."

అమ్మ అప్పుడు తలెత్తింది. "ఎవులన్నా అలా సేత్తారేట్రా? బోటు ఇప్పితే ఇంక అది సముద్రానికి ఎల్లదనే కదా లెక్క! ఎల్లే బోటు మీద సెయ్యేత్తే గంగమ్మ ఊరుకుంటాదా?" అంది. నిజమే, మా వాళ్ళలో పనికిరాదని తేల్చాకే బోటు విప్పుతారు. మళ్ళీ దిగే బోటులోంచి మేకు కూడా తియ్యరు.

వచ్చేటప్పుడు పసుపు పొట్లం ఇచ్చింది. ఎగిరే రోజు ముక్కుకి రాయమంది. నిషేధం తీసేశాక బోట్లకి రాసేది అదే. విమానం మీద అలాంటివి రాయకూడదమ్మా, రూలుంది అన్నాను.

"రూలుకి కనపడకుండా రాయి" అంది.


మే 8

సర్క్యులర్ వచ్చింది. విమానం నిలిపి ఉంచని ఊళ్ళలో ఇంజనీరింగ్ బేసులు "సమీక్షిస్తారట". శ్రీసత్య లాంటి కాంట్రాక్టు టెక్నీషియన్లకి బదిలీ ఉండదట. బేసు ఉంటే ఉద్యోగం, లేకపోతే లేదు.

మాకేం భయం? మా దగ్గర వంశధార ఉంది కదా. ప్లానింగ్ ఆఫీసర్‌కి ఫోన్ చేశాను. వంశధార ఎగిరేలా చేస్తే మా వైజాగ్‌కే ఉంచుతారా సార్ అని అడిగాను. "ఎగిరితే మీకు కాక ఎవరికిస్తాం గవర్రాజు గారూ" అన్నాడు. ఇదే మాట. శ్రీసత్య కూడా వింది, స్పీకర్ పెట్టాను.

అంటే ఎగిరించాలి. వాళ్ళు పంపకపోతే నేనే తెచ్చుకుంటాను.


మే 12

అరిచే పని ఆపి ఫోన్లు చేసే పని మొదలుపెట్టాను. ఇరవై ఏళ్ళుగా ఈ సంస్థలో ఉన్నందుకు నాకు మిగిలింది మనుషుల ఫోన్ నంబర్లే. హైదరాబాద్‌లో ఓ ఇంజనీరు బ్రేకు ఇస్తానన్నాడు. మా తెర ఇచ్చిన చోట చెడిపోయి రిపేరుకి వెళ్ళి, ఎవరూ అడగక బెంగుళూరు స్టోర్లో అట్టపెట్టెలోనే ఉందట. పంపించమంటే, "మీరు అడగొచ్చు కదా" అన్నారు. ఆరు మెయిళ్ళు పెట్టాను! వాటిని చదివే ఉద్యోగం ఎవరిదో వాళ్ళకీ తెలియదు.

ఇక వాల్వు మిగిలింది. కోల్‌కతా గురునాథరావుకి ఫోన్ చేశాను. అతనిది ఆనందపురం. ట్రైనింగులో నా రూమ్మేటు. ఆనందపురం పూల మార్కెట్టు దాటి బతకలేనన్నవాడు పదేళ్ళుగా కోల్‌కతాలో ఉన్నాడు.

"బావా, ఒక వాల్వు ఎక్కడినుంచైనా చూడు" అన్నాను.

"సూత్తాను. ఏదో ఉన్నట్టుంది" అన్నాడు.

ఎక్కడిది అని అడగలేదు. అడగడం దేనికి? వాళ్ళ స్టోర్లో ఉండి ఉంటుంది.


మే 20

బ్రేకు పెట్టాం. తెర పెట్టాం. అట్టముక్క తీసి శ్రీసత్య రెండుగా చింపింది. ఆవిడ అంత సంతోషంగా ఏదైనా చింపడం నేను చూడలేదు.


మే 27

వాల్వు వచ్చింది.

అట్టపెట్టె విప్పింది శ్రీసత్య. విప్పి, నా చేతిలో పెట్టింది. పట్టీ మీద రెండు ఎర్ర గీతలు, మధ్యలో పసుపు చుక్క.

వంశధారదే. గురునాథరావు నాగావళిలోంచి విప్పి పంపాడు.

ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో తెలియక ముందు తిట్టాను. వాడు విన్నాడు.

"అయిపోనాదా? ఇప్పుడు ఇను బావా. మొన్న నాగావళి ఇంజిన్ ఇప్పి పట్టుకుపోనారు. రెండోది వొచ్చే వారం. నాను సూత్తా ఉన్నాను, సంతకాలు ఎడతా ఉన్నాను. నాది ఇంక నెగవదు. రెండిట్లో ఒకటైనా ఎగరాల కదా! నీ సామాను నీకు పంపినాను, ఏటి తప్పు?"

"నీ బేసు?"

"అది వాళ్ళు ఎప్పుడో తేల్చేసినారు. మనకి సెప్పలేదంతే."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు వాల్వుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నా వస్తువు నాకు తిరిగొచ్చింది, నేను సంతోషించాలి. ఇద్దరు ఇంజనీర్లని, రెండు విమానాలని, ఒకే ఒక్క వాల్వుని ఇచ్చి మీరూ మీరూ చూసుకోండి అన్నారు వాళ్ళు. సంస్థని నడపడమంటే ఇదా? మా పేటలో ఇద్దరన్నదమ్ములకి ఒకే తెడ్డు ఇస్తే ఇచ్చినవాణ్ణి నలుగురూ నిలబెట్టి అడుగుతారు. వీళ్ళని అడిగేవాడు లేడు.


జూన్ 2

పెట్టేశాం. రెండు ఇంజిన్లూ వేశాం. అన్నీ పచ్చగా ఉన్నాయి, ఒక్క ఎర్రదీపం లేదు. నేను సంతకం పెడితే చాలు, ఎగరొచ్చు.

ఇంటికొచ్చి మహేశ్వరికి చెప్పాను. అన్నం వడ్డిస్తూ ఆగింది.

"అది ఎగిరిపోతే మీ బేసులో ఇంకేటుంటాది? ఇమానం ఉంటేనే బేసు అని మీరే కదండీ సెప్పేరు?"

"ఎగిరితే మాకే ఇస్తామన్నారు."

"ఎవరు?"

చెప్పాను.

"ఓహో, పది రోజులే అన్నాయన" అంది.

ఆడవాళ్ళు ప్రతిదాంట్లోనూ అనుమానమే చూస్తారు. ఎగిరే విమానం చేతికిస్తుంటే దాన్ని ఎక్కడికో పంపేసి మమ్మల్ని మూసేస్తారా? అంత తెలివితక్కువవాళ్ళు ఎవరుంటారు?


జూన్ 4

వెనక తలుపు సీలు చూశాను. సముద్రపు గాలికి రబ్బరు గట్టిపడుతుంది. సంతకానికి ముందు ఇంకొకసారి చూడాలి.


జూన్ 6

తలుపు సీలు మళ్ళీ చూశాను. బాగానే ఉన్నట్టుంది. రేపు ఇంకోసారి.


జూన్ 7

సీలు.


జూన్ 9

శ్రీసత్య ఈ రోజు నన్ను తలుపు దగ్గరే పట్టుకుంది. ఆవిడది గాజువాక. భర్త ఆటో నడుపుతాడు, ఇద్దరు పిల్లలు. తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టులో ఉంది. ఇన్నేళ్ళలో నాతో గొంతు పెంచలేదు.

"సీలు బాగానే ఉంది సార్."

"ఇంకోసారి చూస్తే నష్టమేముంది?"

"ఎవరి కోసం సూత్తన్నారు? నా కోసమా?"

నేను సీలు మీద వేలు పెట్టి నొక్కాను.

"మీరు సంతకం ఎట్టకపోతే ఇది ఇక్కడే ఉంటాది, ఇది ఉంటే నా ఉద్యోగం ఉంటాది. అదేగా మీ లెక్క? నేను సెప్పేనా అలా సెయ్యమని?"

"శ్రీసత్యా, వాళ్ళు మనకే ఇస్తామన్నారు..."

"ఇయ్యరు సార్. మీకూ తెలుసు. తెలిసే కదా ఈ రబ్బరు పట్టుకుని వేలాడతన్నారు!" ఆవిడ కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. తుడుచుకోలేదు. "ఇందులో ప్రతి బోల్టూ నేను బిగించేను. ఎగరదగ్గ ఇమానాన్ని ఎగరదని మీరు రాత్తే ఆళ్ళకీ మనకీ ఏటి తేడా? ఆళ్ళు తెలీక ఆపుతన్నారు. మీరు తెలిసి ఆపుతన్నారు. నా మీద జాలి పడకండి సార్, నాకు ఒళ్ళు మండుద్ది."

ఇన్ని నెలలుగా నాకు ఒక్కడికే కోపం ఉందనుకున్నాను. ఆవిడ కోపం ముందు నాది గోల.

పెన్ను తీసి సంతకం పెట్టాను.


జూన్ 12

వంశధార ఎగిరింది.

పొద్దున్నే వెళ్ళాను. పసుపు పొట్లం జేబులో ఉంది. విమానం ఒంటి మీద రాయలేదు. అది ఇరవై ఏళ్ళ అలవాటు, చెయ్యి రాలేదు. చక్రాలకి అడ్డం పెట్టే దిమ్మలకి రాశాను. చాక్స్ అంటాం మేము, అవి విమానంలో భాగం కావు, రూలు లేదు. శ్రీసత్య చూసి తన హ్యాండ్‌బ్యాగులోంచి కుంకుమ తీసింది. అంటే ఆవిడా తెచ్చుకుందన్నమాట.

చాక్స్ లాగింది ఆవిడే. పైలట్ బొటనవేలు చూపించాడు. పరుగెత్తి, లేచి, యారాడ కొండ పక్కగా సముద్రం మీదికి తిరిగింది. తోక మీద కొత్త రంగు ఎండలో మెరిసింది. బాగుంది. నిజం రాసుకోవాలి కదా, రంగు బాగుంది.

ఏడ్చాను. శ్రీసత్య ఏడవలేదు. పసుపంటిన చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, "టీ తాగుదాం రండి సార్" అంది.

ప్లానింగ్ ఆయన ఫోన్ చేసి అభినందించాడు. విమానాన్ని ముందు కోల్‌కతా సర్వీసుకి వాడుకుని పంపిస్తారట. వారం రోజులే.


జూన్ 15

నిషేధం తీసేశారు. తెల్లారేసరికి పేట ఒడ్డున బోటు లేదు. కోటి బావ బోటు ముక్కుకి అమ్మ పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి పంపింది.

మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. విశాఖపట్నంలో నిలిపి ఉంచిన విమానం లేనందున ఇంజనీరింగ్ బేసు ఈ నెలాఖరుతో మూసివేత. కాంట్రాక్టు సిబ్బంది సేవలు ముగింపు. సంస్థకి ఇన్నాళ్ళు చేసిన సేవకి కృతజ్ఞతలు. శ్రీసత్య పేరు తప్పుగా రాశారు.

చెప్పొద్దూ, నేను ఇంట్లో అరిచాను. మహేశ్వరి ఈసారి వద్దనలేదు. వచ్చి పక్కన కూర్చుని, నేను ఆపేదాకా ఉంది. చేతకానివాళ్ళైతే పోనీ అనుకుందును, వీళ్ళు పనిని శిక్షించేవాళ్ళు. చెయ్యకుండా కూర్చుని ఉంటే మా బేసు ఇంకో రెండేళ్ళు ఉండేది! బాగు చేసినందుకు మూసేశారు.


జూన్ 18

శ్రీసత్య తన టూల్‌బాక్సు అప్పగించింది. ప్రతి పానా నూనెతో తుడిచి పెట్టింది. గాజువాకలో ఓ బైకుల షోరూము వాళ్ళు రమ్మన్నారట. "బైకులు ఆగిపోతే ఆళ్ళు సామాను కొంటారు సార్" అంది.

సంతకం పెట్టినందుకు నేను క్షమాపణ చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. "మన ఇమానం ఎగురుతంది కదా" అంది.


జూన్ 24

నన్ను కోల్‌కతా వేశారు. వంశధార అక్కడికి వచ్చింది కాబట్టి ఆ బేసు మూయరట. గురునాథరావు ఉద్యోగం వదిలేసి ఆనందపురం వచ్చేశాడు, అతని స్థానంలో. పనేమిటంటే, వంశధార సర్వీసు ఆగకుండా ఉండడానికి నాగావళిలో మిగిలిన సామాన్లు విప్పి ఇవ్వడం.

ప్లానింగ్ ఆయనకి ఫోన్ చేశాను. ఏమేమో అడుగుదామనుకున్నాను. చివరికి ఒకటే అడిగాను. "నాగావళి తోకకి రంగు వేశారా సార్?"

"ఓ, పోయిన వారమే. చాలా బాగా వచ్చింది" అన్నాడు. వెటకారం అర్థం కాలేదు ఆయనకి. నిజంగా సంతోషంగా ఉన్నాడు.


జూన్ 29

రేపు ప్రయాణం. మహేశ్వరి, పిల్లలు సెలవులకి వస్తారు. స్టోరు గది తాళం అప్పగించేటప్పుడు చూశాను, చాక్స్ మూలన పడి ఉన్నాయి. పసుపు ఇంకా పోలేదు.

అమ్మ పేట నుంచి వచ్చింది. వేయించిన నెత్తళ్ళ చేపలు డబ్బాలో పెట్టి తెచ్చింది.

"కలకత్తాలో కూడా ఇమానం ఒడ్డున పడి ఉన్నాదంటగా. నువ్వెల్తే అదీ ఎగురుద్దిలే" అంది.

సంచిలో బట్టల మధ్య పసుపు పొట్లం పెట్టింది. ఈసారి పెద్దది.

నేను విప్పడానికి వెళ్తున్నానని అమ్మకి చెప్పలేదు.